బతికున్న మందు: పురుగును చంపే బూజు నారాయణఖేడ్ మెట్టలో ఎంతవరకు పనికొస్తుంది?

మఖ వెళ్లి పుబ్బ కార్తె నడిచే రోజుల్లో, నాలుగు రోజులు ముసురు పట్టి విడిచాక, నారాయణఖేడ్ వైపు సోయాబీన్ చేనులోకి దిగి చూడండి. మొక్క పైకొమ్మల్లో ఆకును కరుచుకుని చచ్చిన లద్దె పురుగులు కనిపిస్తాయి. మందు కొట్టి చంపిన పురుగైతే మెత్తబడి నేల రాలుతుంది. ఇది రాలదు. సుద్దముక్కలా గట్టిపడి ఆకుకు అతుక్కుని ఉంటుంది. మొదట ఒళ్లంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉండి, రెండు రోజులకు లేత ఆకుపచ్చగా మారుతుంది. తాకితే ఆ పచ్చ పొడి వేలికి అంటుకుంటుంది. అది నొమురియా రిలెయి అనే శిలీంధ్రం తాలూకు సిద్ధబీజాలు, అంటే దాని విత్తనం. శాస్త్రవేత్తలు 2014 నుంచి దీన్ని మెటారైజియం రిలెయి అని పిలుస్తున్నా, దుకాణంలో ఇంకా పాత పేరే నడుస్తోంది. ఆ చేనులో దాన్ని ఎవరూ చల్లలేదు. నేలలో ఉంది, తేమ దొరికింది, లేచింది.

సంక్రాంతి ముందు అదే నల్లరేగడిలో కుసుమ చేను గట్టున నిలబడండి. లేత కాండం మీద, మొగ్గ చుట్టూ నల్లగా నిగనిగలాడుతూ పేనుబంక. సరిహద్దు దాటితే మరాఠీలో దీన్నే మావా అంటారు. అది విసర్జించే తేనెబంక ఆకుల మీద పడి ఎండకు మెరుస్తుంది, దాని మీద మసిలాంటి నల్లబూజు పెరుగుతుంది. ఆ మసిబూజు పురుగును ఏమీ చెయ్యదు, ఆకుకు వెలుతురు అందకుండా మాత్రం చేస్తుంది. పట్టించుకోకపోతే కుసుమలో సగం దాకా దిగుబడి పోవచ్చు. లక్షల పేలున్న ఆ చేనులో బూజు పట్టి చచ్చింది ఒక్కటి కనబడటం అరుదు.

కీటకాలను చంపే శిలీంధ్రాల గురించి ప్రపంచంలో బోలెడంత పరిశోధన ఉంది. నారాయణఖేడ్ రైతు దాన్నంతా ఒక్క ప్రశ్నతో జల్లెడ పట్టాలి. వానాకాలంలో పిలవకుండా వచ్చి లద్దె పురుగును తుడిచిపెట్టే బూజు, యాసంగిలో పేనుబంక మీదికి మనం పిలిస్తే వస్తుందా?

పిలవాల్సిన అవసరం ఎందుకంటే, పేనుబంక మీద పనిచేసే సూక్ష్మజీవులు వేరే పెద్దగా లేవు. బీటీ బ్యాక్టీరియా గానీ, శనగ పచ్చపురుగు మీద కొట్టే ఎన్‌పీవీ వైరస్ గానీ పురుగు కడుపులోకి వెళ్తేనే చంపుతాయి. ఆకు కొరికి తినే పురుగుకు అవి సరిపోతాయి. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ ఆకు పైభాగాన్ని తినవు, లోపలికి సూదిలాంటి మూతి దించి రసం పీలుస్తాయి. ఆకు మీద ఎంత బీటీ చల్లినా వాటి నోటికి అందదు. బీటీ పత్తి వేసిన రైతు కూడా రసం పీల్చే పురుగుల కోసం పంపు భుజానికెత్తుకోవడం అందుకే. శిలీంధ్రానికి పురుగు నోటితో పని లేదు, చర్మం తగిలితే చాలు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. సిద్ధబీజం పురుగు ఒంటిమీద పడి అతుక్కుంటుంది. చుట్టూ తేమ ఉంటే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో మొలకెత్తుతుంది. మొలక కొన ఉబ్బి పురుగు పైపొరకు గట్టిగా పట్టుకుంటుంది. ఆ పొరలోని మాంసకృత్తులను, కొవ్వును, కైటిన్‌ను కరిగించే ఎంజైములను వదులుతూ, ఒత్తిడితో పొడుచుకుంటూ లోపలికి దిగుతుంది. ఒకసారి పురుగు నెత్తురులోకి చేరాక బయటి ఎండావానలతో దానికి నిమిత్తం లేదు. లోపలే పెరిగి, పోషకాలు తినేసి, విషాలు వదిలి మూడు నుంచి ఏడు రోజుల్లో చంపుతుంది. చచ్చాక మళ్లీ తేమ దొరికితేనే బయటికి వచ్చి కొత్త సిద్ధబీజాలు వేస్తుంది. మందు గెలుపోటములన్నీ ఆ మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే తేలిపోతాయి. ఆ సమయంలో బూజుకు కావలసింది మూడు: తేమ, ఇరవై నుంచి ముప్పై డిగ్రీల వేడి, ఎండ నుంచి నీడ. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే సిద్ధబీజం కొన్ని గంటల్లో చచ్చిపోతుంది.

పేనుబంక దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటుంది, గుడ్డు పెట్టే పని కూడా లేదు. వారం పది రోజులకు ఒక తరం. పిల్ల పేను పెద్దదయ్యేలోగా నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. సిద్ధబీజం మొలకెత్తి లోపలికి దిగేలోపు కుబుసం ఊడిందంటే బూజు కూడా దానితో పాటే ఊడిపోతుంది. తప్పించుకోలేని పెద్ద పేను కూడా చచ్చేలోపు కొన్ని పిల్లల్ని కనే పోతుంది. లద్దె పురుగు మీద ఒక్కసారి కొడితే తేలే పని ఇక్కడ రెండు మూడుసార్లు, వారం ఎడంతో కొడితే గానీ తేలదు.

ఈ విద్య కొత్తది కాదు. ఇటలీలోని లోడి ప్రాంతం వాడైన అగొస్తినో బాస్సి పట్టుపురుగులకు వచ్చే సున్నపుకట్టు రోగానికి కారణం ఒక సూక్ష్మమైన బూజు అని 1835లో నిరూపించాడు. జంతువుల జబ్బుకు ఒక సూక్ష్మజీవి కారణమని తేలిన తొలి సందర్భాల్లో అదొకటి. ఆ బూజే ఆయన పేరు పెట్టుకుని బవేరియా బాసియానా అయింది. పట్టుపురుగుకు అది యముడే గనుక మల్బరీ తోటల దరిదాపుల్లో బవేరియా కొట్టకూడదన్న జాగ్రత్త ఈ రోజుకీ ఉంది. 1879లో ఇల్యా మెచ్నికోవ్ గోధుమ మీద పడే పెంకు పురుగులో పచ్చబూజును గుర్తించి, దాన్ని పెంచి పొలంలో చల్లవచ్చని చెప్పాడు. అదే మెటారైజియం. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ అందుకున్న మెచ్నికోవ్ ఆయనే.

పేనుబంక మీద గెలిచిన తొలి బూజు మందు ఎక్కడ, ఎందుకు గెలిచిందో చూస్తే మన కష్టం అర్థమవుతుంది. 1981లో బ్రిటన్‌లో వెర్టాలెక్ అనే మందు వచ్చింది. అందులో ఉన్నదాన్ని కూడా అప్పట్లో వర్టిసిలియం లెకాని అనే పిలిచేవారు, మన దుకాణాల్లో దొరికేదీ ఆ పేరుతోనే. గాజు ఇళ్లలో పెంచే చామంతి మీది పేనుబంకకు దాన్ని వాడారు. చామంతి పూయాలంటే పగటి వెలుతురు తగ్గాలి. అందుకని సాయంత్రం నుంచి మొక్కల మీద నల్ల పాలిథిన్ కప్పేవారు. ఆ ముసుగు కింద రాత్రంతా తేమ చిక్కబడేది, బూజు మొలిచేది, పేను చచ్చేది. చామంతి కోసం కప్పిన ముసుగు బూజుకు ఇల్లయింది. మన కుసుమ చేనుకు ఆ ముసుగు ఎవరు కప్పుతారు?

పొడి గాలిలో బూజు పనిచెయ్యదని మాత్రం చేతులు ఎత్తేయనక్కర్లేదు. ఆఫ్రికాలో మిడతల మీద జరిగిన పని దీనికి జవాబు. 1989లో మొదలైన లుబిలోసా అనే పరిశోధన కార్యక్రమంలో మెటారైజియం సిద్ధబీజాలను నీళ్లకు బదులు నూనెలో కలిపి చల్లారు. నూనె చుక్క మిడత ఒంటిమీద పరుచుకుని, కీళ్ల సందుల్లోకి సిద్ధబీజాన్ని చేరుస్తుంది, అక్కడ అది ఎండిపోకుండా కాపాడుతుంది. ఎడారి అంచున, గాలిలో తేమ లేని చోట కూడా మిడతలు చచ్చాయి. ఆ పరిశోధన నుంచి గ్రీన్ మజిల్ అనే మందు వచ్చింది. 2020లో సోమాలియా మిడతల దండు మీద వాడినది ఈ జాతి మందునే.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ లెక్క రైతుకు ఎవరూ వేసి చెప్పరు. గ్రీన్ మజిల్ మోతాదు హెక్టారుకు 50 గ్రాములు. అందులో దాదాపు 2.5 లక్షల కోట్ల సిద్ధబీజాలుంటాయి, అంటే ఎకరాకు లక్ష కోట్లు. మన దగ్గర సాధారణంగా దొరికే టాల్కం పొడి మందులో గ్రాముకు 10 కోట్లు. లీటరుకు 5 గ్రాముల చొప్పున, ఎకరాకు 200 లీటర్లు కొడితే 1 కిలో పొడి పడుతుంది. అంటే 10 వేల కోట్లు. పదో వంతు. అదీ ప్యాకెట్‌లో రాసినంత నిజంగా ఉండి, అన్నీ బతికి ఉంటేనే. మోతాదు పదో వంతు, నూనె బదులు నీళ్లు, తేమ బదులు పొడి గాలి. ఇన్ని తక్కువలతో కొట్టి, ఫలితం రాలేదని బూజు మీద నింద వేస్తే అది అన్యాయం. బూజు చేతగానిదని రైతు అనుకోవడానికి బూజు కన్నా దాన్ని అమ్మిన పద్ధతే ఎక్కువ కారణమని నా నమ్మకం.

ఆ పద్ధతిని ఒకసారి దగ్గర నుంచి చూశాను. ఏప్రిల్ నెలలో ఒక మందుల దుకాణంలో బవేరియా అడిగితే, రేకుల కప్పు కింద, వీధి వైపు అరలో ఉన్న ప్యాకెట్ తీసి ఇచ్చారు. అట్ట మీది రంగు వెలిసిపోయింది. తయారీ తేదీ చూస్తే గడువు ఇంకా ఉంది. ఇంటికి తెచ్చి, ఉడికించి ఆరబెట్టిన జొన్న గింజల మీద చిటికెడు చల్లి, మూత పెట్టిన గాజు సీసాలో ఉంచాను. పది రోజులైనా తెల్ల బూజు రాలేదు. ఒక మూల గోధుమ రంగు ముద్ద మాత్రం పెరిగింది, అదేమిటో నాకు తెలియదు. రసాయన మందుకైతే ఆ రేకుల వేడి పెద్ద నష్టం చెయ్యదేమో. ఇది బతికున్న మందు. మీగడ పెరుగు ఎండలో పెట్టి అమ్మినట్టే ఇదీను. క్రిమిసంహారక మందుల చట్టం, 1968 కింద ఈ శిలీంధ్రాలకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయినా రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా 'బయో' అనే ఒక్క మాట మీద నడిచే సీసాలు తెలుగు నేలంతటా ఉన్నాయి. కొన్నింటిలో రసాయన విషం కలిపి అమ్ముతారు. పురుగు మరునాటికే చస్తే రైతు సంతోషిస్తాడు గానీ, బూజు మందు మరునాటికే చంపితే అనుమానించాల్సింది అక్కడే.

పరిశోధన వైపు మన ప్రాంతం వెనకబడి లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో పి.ఎస్. విమలాదేవి నొమురియా సిద్ధబీజాలను ఎక్కువ మొత్తంలో తయారుచేసి, ఆముదంలో పొగాకు లద్దె పురుగు మీద పరీక్షించి 1994లో ప్రచురించారు. ఆముదం, కుసుమ, సోయా అన్నీ నూనెగింజలే గనుక నారాయణఖేడ్ రైతుకు ఆ సంస్థ పొరుగున ఉన్నట్టే. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం సోయాబీన్‌లో ఇదే నొమురియా మీద ఏళ్ల తరబడి పనిచేసింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో పేనుబంక మీద లెకాని రకాలను, కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమకు ఐసారియా అనే బూజు రకాన్ని ఎంపిక చేసింది. ఆ తెల్లదోమ 2016లో పొల్లాచ్చిలో మొదట కనబడి గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు పాకినప్పుడు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఆ బూజును పెంచి రైతులకు ఇచ్చింది. అక్కడ కోనసీమ తేమ దానికి కలిసొచ్చింది. కోనసీమలో గెలిచిన పద్ధతిని మంజీర గట్టు మెట్టకు ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టలేం.

ఇక కుసుమ సంగతి. పేనుబంక కుసుమ మీద ఉధృతంగా ఉండేది డిసెంబర్, జనవరిలో. అప్పుడు పగలు ఎండ, గాలి పొడి. రాత్రి చలి. నారాయణఖేడ్ ఉన్న జిల్లాలోనే కోహీర్, న్యాల్కల్ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒకే అంకెకు పడిపోయిన వార్తలు ఏటా చదువుతుంటాం. మంచు కురిసే తెల్లవారుజామున తేమ ఉంటుంది గానీ వేడి ఉండదు, మధ్యాహ్నం వేడి ఉంటుంది గానీ తేమ ఉండదు. మబ్బు పట్టి, చలి కాస్త తగ్గిన రెండు మూడు రోజులే బూజుకు దొరికే సందు. విచిత్రంగా పేనుబంక విజృంభించేది కూడా ఆ మబ్బు రోజుల్లోనే. పైగా కుసుమ ఎదిగాక ముళ్లు. గొడ్లు దూరకుండా జొన్న, శనగ చేను చుట్టూ కుసుమ వేసేది ఆ ముళ్ల కోసమే. కోతకు దిగేవాళ్లు చేతులకు, కాళ్లకు గుడ్డ చుట్టుకుని దిగుతారు. అలాంటి చేనులో పంపు వీపున వేసుకుని, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టడం ఎంత కష్టమో అందులో నడిచినవాళ్లకే తెలుస్తుంది.

అందుకే కుసుమలో పేనుబంకకు మొదటి మందు విత్తే తేదీయే అంటాను. ఉత్తర, హస్త కార్తెల్లో విత్తిన చేను, పేను తీవ్రమయ్యేసరికి కాండం ముదిరి చాలావరకు తప్పించుకుంటుంది. స్వాతిలో విత్తినది లేతగా దొరికిపోతుంది. రెండోది, పేనుబంక గట్టు వైపు వరుసల్లో మొదలై లోపలికి పాకుతుంది. గట్టు వెంబడి నాలుగైదు వరుసల్లో కనబడగానే అక్కడివరకే కొడితే చాలు, ముళ్లలోకి దిగే పని తప్పుతుంది. బూజు మందు వాడాలంటే ఆ దశలో, ఆ వరుసల్లో, సాయంత్రం నాలుగు దాటాక వాడాలి. చేనంతా నల్లబడ్డాక లెకాని ప్యాకెట్ తెచ్చి కొట్టడం దండగ. అదే కుసుమలో ఆల్టర్నేరియా ఆకుమచ్చకు మాంకోజెబ్ కొట్టిన పంపులోనే కడగకుండా ఈ మందు పోస్తే, బూజును చంపే మందుతో బూజునే చంపుకున్నట్టు.

మూడోది, మిత్రపురుగులు. అక్షింతల పురుగు, సిర్ఫిడ్ ఈగ పిల్ల, క్రైసోపా రోజుకు పదుల కొద్దీ పేలను తింటాయి. 2002లో సాంగ్లీ నుంచి ఉత్తర కర్ణాటక దాకా చెరకును ముంచిన ఉన్ని పేనుబంకను చివరికి అదుపులోకి తెచ్చినవి డైఫా, మైక్రోమస్ అనే మిత్రపురుగులు, ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి. దాని మీద బూజులనూ పరీక్షించారు గానీ, గెలుపు మిత్రపురుగులదే. శిలీంధ్రాల మీద ఎంత అభిమానమున్నా ఈ సంగతి దాచకూడదు. బూజు మందు గొప్పతనం చాలాచోట్ల ఇదే: తాను చంపే పేల కన్నా, తాను చంపకుండా వదిలేసే అక్షింతల పురుగుల వల్ల ఎక్కువ మేలు చేస్తుంది. బవేరియా వాటికి బొత్తిగా హాని చెయ్యదని అనలేం, రసాయన మందుతో పోలిస్తే మాత్రం చాలా తక్కువ. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పది పదిహేను రకాలు కలిపి వేసే చేలల్లో ఈ మిత్రపురుగులకు ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు దొరుకుతుంది.

బూజుకు అసలు చోటు వానాకాలం. సోయాలో లద్దె పురుగు, మొక్కజొన్నలో కత్తెర పురుగు, ఆగస్టు, సెప్టెంబర్ ముసుర్లలో పత్తి మీద పేనుబంక, పచ్చదోమ, నేలలో వేరుపురుగు. వేరుపురుగుకైతే మెటారైజియాన్ని చివికిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేస్తారు. నేలలో ఎండ తగలదు, తేమ ఉంటుంది. అదే దానికి పుట్టిల్లు.

పత్తి పేనుబంక విషయంలో అమెరికాలోని ఆర్కన్సా రైతులు చేసిన పని నాకు చాలా ఇష్టం. అక్కడ నియోజైగైటిస్ ఫ్రెసెని అనే బూజు తనంతట తానే లేచి పత్తిలో పేనుబంకను తుడిచేస్తుంది. దాన్ని పరిశ్రమలో పెంచడం కుదరదు, సీసాలో అమ్మలేరు. డాన్ స్టెయిన్‌క్రాస్ అనే శాస్త్రవేత్త 1993లో ఒక ఏర్పాటు చేశాడు. రైతు పేలను ఆల్కహాల్‌లో వేసి విశ్వవిద్యాలయానికి పంపేవాడు. అక్కడ మైక్రోస్కోపు కింద చూసి, నూటికి 15 పేలకు పైగా బూజు పట్టి ఉంటే, కొద్ది రోజుల్లో చేను శుభ్రపడుతుంది, మందు కొట్టవద్దు అని చెప్పేవారు. కొనాల్సింది ఏమీ లేదు. ఎప్పుడు కొట్టకూడదో చెప్పే మనిషి ఉండేవాడు, అంతే. మన సోయా చేలల్లో నొమురియాకు ఇలాంటి ఏర్పాటు చేస్తే, పుబ్బ కార్తెలో కొట్టే ఒకటి రెండు మందుల ఖర్చు చాలామందికి మిగులుతుంది. మండలానికి ఒక మైక్రోస్కోపు, దాన్ని చూడటం వచ్చిన ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉంటే అయ్యే పని.

దుకాణం ప్యాకెట్ మీద నమ్మకం లేనివాళ్లకు ఇంకో దారి, ఊళ్లోనే పెంచుకోవడం. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు ఈ శిక్షణ ఇస్తోంది. నారాయణఖేడ్‌కు కలిసొచ్చేది ఏమిటంటే బూజు పెంచడానికి జొన్న గింజ బాగా పనికొస్తుంది. విరిగిన జొన్నలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడగట్టి, పాలిప్రొపిలీన్ సంచుల్లో నింపి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తారు. చల్లారాక శుభ్రమైన చోట తల్లి బూజు కలిపి నీడలో ఉంచుతారు. రెండు వారాలకు గింజ గింజకూ బవేరియా అయితే తెల్లగా, మెటారైజియం అయితే ముదురు పచ్చగా పొడి కడుతుంది. గింజలను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో వడగట్టి, ఆ సాయంత్రమే కొడతారు. టాల్కం లేదు, నెలల తరబడి నిల్వ లేదు, మోతాదు మన చేతిలో ఉంటుంది. జాగ్రత్త ఒక్కటే: సంచిలో నల్లగా గానీ, పసుపుగా గానీ మరక కనిపిస్తే ఆ సంచి మూతి విప్పకుండా పూడ్చేయాలి. అది మనకు తెలియని బూజు. తల్లి బూజును ఏటా పరిశోధన సంస్థ నుంచి కొత్తగా తెచ్చుకోవాలి, ఇంట్లోనే తిప్పి తిప్పి పెంచితే చంపే బలం తగ్గిపోతుంది.

ఈసారి కొట్టాక ఫలితం చూడటానికి ఒక చిన్న పని చేయండి. నాలుగో రోజు గట్టు వరుసలోంచి కదలకుండా ఉన్న ఇరవై పేలను ఆకుతో సహా తీయండి. చిన్న టిఫిన్ డబ్బాలో తడి దూది పరిచి, దాని మీద ఆ ఆకు ఉంచి, మూత పెట్టి ఇంట్లో నీడన పెట్టండి. మరునాడో మూడోనాడో మూత తీసి చూడండి. పేను చుట్టూ తెల్లటి నూగు కట్టి ఉంటే దాన్ని చంపింది చాలావరకు మీ బూజే. ఇరవైలో ఎన్నింటికి నూగు వచ్చిందో, ఆ వారం మబ్బుందో ఎండ ఉందో, కొట్టింది పొద్దునో సాయంత్రమో పిల్లల నోటు పుస్తకంలో ఒక వరుస రాసి ఉంచండి. రెండు మూడు యాసంగులు గడిచాక, ఈ మెట్టలో ఏ వారం బూజు పనిచేస్తుందో ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.